'తంతు' శబ్ద విచారము

ఉపక్రమము

తెలుగునాట కర్మకాండ ప్రస్తావన వచ్చినపుడెల్ల వినవచ్చు మాట 'తంతు'. పెండ్లి తంతు, వడుగు తంతు, గృహప్రవేశపు తంతు, అపరకర్మల తంతు అని పండితులును పామరులును ఒక్కరీతిగ వాడుదురు. 'తంతు నడిపించుట', 'తంతు జరుగుట', 'తంతు ముగియుట' అనునవి దీనికి అలవాటైన క్రియలు. ఇటీవలి కాలమున ఈ మాట కర్మకాండమును దాటి పత్రికాభాషలోనికిని ప్రవేశించినది. ప్రమాణస్వీకారపు తంతు, ప్రారంభోత్సవపు తంతు అని వ్రాయుచున్నారు. అంతమాత్రమే కాదు, 'అదంతా ఒక తంతు', 'మొక్కుబడి తంతు' అన్నపుడు ఈ మాటకు స్పష్టముగ నిందార్థము కూడ ఏర్పడినది.

ఇంతగా వాడుకలో నున్న ఈ శబ్దము ఎచటి నుండి వచ్చినది? 'పోగు' అను అర్థము గల సంస్కృత 'తంతు' శబ్దమే ఇది యగునా? లేక 'తంత్ర' శబ్దభవమా? ఈ ప్రశ్న చిన్నదిగ కనబడును. కాని దీనికి చెప్పు సమాధానమును బట్టి కర్మస్వరూపమును గూర్చిన మన అవగాహన మారును. నేను చాలకాలము దీనికి ఒక సమాధానమును తరగతిలో చెప్పియుంటిని. అది పొరపాటని తరువాత గ్రహించితిని. నావద్ద వ్రాసికొన్న పాఠమునే నేటికిని చెప్పుచున్న అధ్యాపకులు కొందరున్నారు. కావున ఈ వ్యాసము ఒక విధముగ నా పాఠమును నేనే దిద్దుకొనుట.

పూర్వపక్షము

నేను తొలుత చెప్పిన పక్షము ఇది. సంస్కృతమున 'తంతు' శబ్దము పుంలింగము, ఉకారాంతము. విస్తారార్థకమగు 'తను' ధాతువునకు ఉణాది ప్రథమపాదమున 'తున్' ప్రత్యయము విహితమైనది. సేతు, ఓతు, ధాతు, సక్తు, క్రోష్టు శబ్దములు ఈ సూత్రము చేతనే సిద్ధించుచున్నవి. సాగదీయబడునది తంతువు, అనగా పోగు. అమరసింహుడు సూత్రమునకు పర్యాయముగ దీనిని చెప్పినాడు.

ఈ పోగునకు యజ్ఞముతో సంబంధము వేదము నుండియే కలదు. ఋగ్వేద దశమమండలమున 130వ సూక్తము యజ్ఞమును సర్వదిశలయందు పోగులతో చాచిన వస్త్రముగ భావించినది. అందు నేయువారు పితరులు, నాడెలు సామములు. అదే మండలమున 57వ సూక్తమున యజ్ఞసాధకమై దేవతల వరకు చాచబడిన తంతువు ప్రస్తావన వచ్చును. 52వ సూక్తమున, 124వ సూక్తమున యజ్ఞమునకు 'సప్తతంతు' అను విశేషణము కనబడును. ఆ విశేషణమే కాలక్రమమున నామమై అమరకోశమున యజ్ఞపర్యాయములలో సవము, అధ్వరము, యాగము, మఖము, క్రతువు అనువానితో పాటు చోటు చేసికొన్నది. ఏడు తంతువులనగా ఏడు ఛందస్సులని కొందరు, అగ్నిష్టోమాదులగు ఏడు సోమసంస్థలని కొందరు వివరింతురు.

ఇట్లు యజ్ఞమునకు తంతుసంబంధము సుప్రసిద్ధము గనుక, 'సప్తతంతు' వంటి పదముల నుండి పూర్వపదము లోపించి 'తంతు' మాత్రమే కర్మార్థమున తెలుగున నిలిచినదని నేను చెప్పుచుంటిని. వినుటకు ఇది ఇంపుగనే యుండును. వేదప్రమాణమున్నది, కోశప్రమాణమున్నది. విద్యార్థులు సంతోషముతో వ్రాసికొనెడివారు.

ఒకనాడు నేతపనివారి కుటుంబము నుండి వచ్చిన విద్యార్థి యొకడు, పాఠము ముగిసిన పిదప నిలిచి, వినయముగ ఇట్లు పలికినాడు: "గురువుగారూ, ఒక్క పోగును తంతు అంటే మాకు పొసగదండీ. మా ఇంట్లో ఒక పడుగు వేస్తే దాని మీద మూడు నాలుగు చీరలు దిగుతాయి. చీరచీరకూ పడుగు వేయరు. మీరు చెప్పే పెళ్లి తంతు ఆ పడుగు లాంటిదేమో గానీ, పోగు లాంటిది కాదేమోనండీ."

ఆనాడు నేను నవ్వి ఊరకుంటిని. ఇంటికి పోయిన తరువాత నవ్వు నిలువలేదు. ఆ బాలుడు మీమాంసాశాస్త్రపు పదునొకండవ అధ్యాయమును చదువకయే అందలి తంత్రలక్షణమును మగ్గము నుండి చెప్పినాడు. ఆ అధ్యాయమును గురుముఖమున చదివియు నాకు ఆ స్ఫురణ కలుగలేదు.

రూపవిచారము

ముందు శబ్దరూపమును పరిశీలింతము. సంస్కృతమున ఉకారాంతములగు నామములు తెలుగున తత్సమములైనపుడు 'వు' వర్ణకమును పొందుట వ్యాకరణసిద్ధము. గురువు, శత్రువు, పశువు, వస్తువు, హేతువు, ధాతువు, సేతువు, క్రతువు అనునవి ఉదాహరణములు. ఈ పద్ధతిని తంతుశబ్దము 'తంతువు' కావలెను. అయియున్నది కూడ. పోగు అను అర్థమున మనము 'తంతువు' అనియే అందుము. బహువచనమున 'తంతువులు' అందుము. శాస్త్రపరిభాషలోను ఆ రూపమే నిలిచినది.

కాని కర్మార్థమున 'పెండ్లి తంతువు' అని ఎవ్వరును అనరు. 'తంతు' అనియే అందురు. ఒకే శబ్దము ఒక అర్థమున 'వు' వర్ణకమును పొంది, మరియొక అర్థమున పొందకుండుటకు కారణము కనబడదు. క్రతువు అను మాట కర్మార్థమున నున్నను 'క్రతు' కాలేదు. హేతువు 'హేతు' కాలేదు. కావున కర్మవాచకమగు 'తంతు' ఉకారాంత తత్సమము కాదని శంకింపవలసియున్నది.

ఇది తద్భవమగునేని దీని ప్రకృతి యేది? సంస్కృత 'తంత్ర' శబ్దము ప్రాకృతములయందు 'తంత' యగును. మంత్ర, యంత్ర, సూత్ర, పుత్ర శబ్దములు పాలీభాషలో వరుసగ మంత, యంత, సుత్త, పుత్త అగునట్లే ఇదియును. పాలీభాషలో 'తంత' శబ్దమునకు మగ్గమని అర్థము. వంగభాషలో నేటికిని మగ్గమును 'తాఁత్' అనియు నేతవానిని 'తాఁతి' అనియు అందురు. ఇచట రేఫలోపము సిద్ధము, అర్థము కూడ మగ్గమును విడువలేదు.

అకారాంతమగు ఈ 'తంత' రూపము తెలుగున 'తంతు' అగుటకు సామ్యము లేకపోలేదు. అంతశబ్దము తత్సమముగ 'అంతము'; తద్భవముగ 'అంతు'. 'అంతులేని', 'అంతు చూచుట', 'అంతు చిక్కుట' అనునవి నిత్యవ్యవహారములు. శంఖశబ్దము తత్సమముగ 'శంఖము', తద్భవముగ 'సంకు'. ఈ మార్గముననే తంత్రశబ్దము తత్సమముగ 'తంత్రము', తద్భవముగ 'తంతు'. అంతము – అంతు, తంత్రము – తంతు అను జంటలను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన సందేహము చాలవరకు తొలగును.

తంత్రి – తంతి అను జంటను కూడ ఇచట సాక్ష్యముగ చూపవచ్చునని కొందరు మిత్రులు సూచించిరి. వీణాతంత్రికి తెలుగున తంతి యనుట కలదు. కాని సంస్కృతముననే 'తంతి' అను శబ్దము త్రాడు అను అర్థమున ఋగ్వేదము నుండి ప్రసిద్ధము. కావున తెలుగు 'తంతి' తంత్రీభవమో తంతిసమమో తేల్చుట కష్టము. అట్టి సాక్ష్యముపై భారము మోపుట న్యాయము కాదు. దీనిని విడిచినను పై వాదమునకు హాని లేదు.

తత్సమము ఒక అర్థమునను తద్భవము మరియొక అర్థమునను స్థిరపడుట తెలుగున కొత్త గాదు. 'భిక్ష' అన్నపుడు ఉన్న గౌరవము 'బిచ్చము' అన్నపుడు లేదు. 'పంక్తి' వ్రాతలో నిలిచినది, 'బంతి' భోజనములో నిలిచినది. అట్లే 'తంత్రము' ఉపాయార్థమున, ఆగమార్థమున నిలువగా, కర్మకలాపార్థము 'తంతు'నకు దక్కినది. కుతంత్రము, తంత్రగాడు అనునపుడు తోచు భావము 'పెండ్లి తంతు'లో లేశమును లేకుండుటకు ఇదియే కారణము.

మగ్గము – వేదవాఙ్మయము

తంత్రశబ్దమును ఉణాదివృత్తికారులు 'తను' ధాతువు నుండియే సాధింతురు. కుటుంబధారణార్థకమగు చురాది 'తత్రి' ధాతువు నుండి సాధించు మార్గమును కలదు. తొలి మార్గమున తంతు, తంత్ర శబ్దములు రెండును ఒక్క తల్లి బిడ్డలు. అయినను ప్రాచీనులు ఆ రెంటిని వేరువేరుగనే వాడిరి.

అథర్వవేదమున పదియవ కాండమున స్కంభసూక్తమున (10.7.42) దీనికి మంచి సాక్ష్యమున్నది. భిన్నరూపములు గల యువతులిద్దరు ఆరు మేకులు గల 'తంత్రము'ను నేయుచున్నారని, వారిలో ఒకతె 'తంతువుల'ను లాగుచుండగా మరియొకతె నిలుపుచున్నదని ఆ మంత్రతాత్పర్యము. అహోరాత్రములు ఆ యువతులు, షడృతువులు ఆ మేకులు, సంవత్సరము ఆ నేత అని చెప్పుదురు. ఒకే మంత్రమున తంత్రము వేరు, తంతువులు వేరు. తంత్రము సమష్టి, తంతువు వ్యష్టి. మహాభారత ఆదిపర్వమున ఉదంకుడు నాగలోకమున తెల్లని, నల్లని పోగులతో మగ్గమున నేయు స్త్రీలిద్దరిని చూచిన కథ ఈ భావమునకే విస్తారము. ఆ కథను నన్నయభట్టు తెలుగువారికి పరిచితము చేసినాడు.

ఋగ్వేద జ్ఞానసూక్తమునను (10.71) తంత్రశబ్దము నేతకు సంబంధించియే వచ్చును. పాణిని మగ్గము నుండి క్రొత్తగ దిగిన వస్త్రమునకు 'తంత్రక' శబ్దమును సాధించుటకు ప్రత్యేకముగ ఒక సూత్రమును (5.2.70) చేసినాడు. అమరుడు నూతనవస్త్రపర్యాయములలో ఆ పదమును చేర్చినాడు. కర్తకు స్వాతంత్ర్యమును చెప్పు సూత్రము (1.4.54) పైని పతంజలి, తంత్రశబ్దము వితానార్థమున, అనగా పడుగును చాచుట యను అర్థమున, ఒకటియు, ప్రాధాన్యార్థమున ఒకటియు ప్రయోగింపబడుచున్నదని విభజించినాడు. వితానార్థమునకు ఆయన చూపిన ఉదాహరణములు పరచిన తంత్రము, గ్రుచ్చిన తంత్రము అనునవి. ఇట్లు తంత్రశబ్దమునకు మగ్గమే జన్మస్థానము. అందును చాచియుంచిన పడుగే ముఖ్యార్థము.

యజ్ఞమును 'చేయుట' అనుటకు మారుగ 'చాచుట' అను అర్థము గల తనుధాతువును వాడుట బ్రాహ్మణవాక్యములలో పరిపాటి. వితానము, వైతానికము అను శబ్దములు శ్రౌతకర్మకు పేర్లగుటయు ఇందువలననే. అమరుడు వితానశబ్దమునకు క్రతువు, విస్తారము అని అర్థద్వయమును చెప్పినాడు. అథర్వవేదీయ శ్రౌతసూత్రమునకు వైతానసూత్రమని పేరు.

శాస్త్రమున తంత్రము

ఈ మగ్గపు మాట శ్రౌతసూత్రకారుల చేతిలో పరిభాష అయినది. కాత్యాయనుడు కర్మలు ఏకకాలమున కూడియుండుట తంత్రమని లక్షణము చెప్పినాడు. పన్నెండు అధ్యాయముల జైమినీయదర్శనమున పదునొకండవ అధ్యాయమునకు తంత్రావాపములే విషయము. శబరస్వామి చెప్పిన తాత్పర్యము ఇది: ఒక్కమారు చేయబడి అనేకములకు ఉపకరించునది తంత్రము. భుజించు బ్రాహ్మణుల నడుమ నుంచిన దీపము అందరికి వెలుగు నిచ్చును. ఒక్కొక్కరికి ఒక్కొక్క దీపము అక్కరలేదు. ప్రతిదానికి మరల మరల చేయవలసినది ఆవాపము. ఆ బ్రాహ్మణులకే చందనము పూయవలెనన్న ఒక్కొక్కరికి వేరుగ పూయక తప్పదు. ఇక పన్నెండవ అధ్యాయమున చెప్పబడు ప్రసంగము వీనికి భిన్నము. మేడలో తమకొరకు పెట్టుకొన్న దీపము వీథిలోని వారికిని వెలుగగుట వంటిది అది.

దీనికి శాస్త్రోదాహరణము దర్శపూర్ణమాసములు. పూర్ణిమనాడు ఆగ్నేయము, ఉపాంశుయాజము, అగ్నీషోమీయము అని మూడు ప్రధానయాగములు. ప్రయాజములు ఐదు, అనూయాజములు మూడు మొదలగు అంగములను ఆ మూడింటికి మూడుమార్లు చేయరు. ఒక్కమారు చేసినది మూడింటికి ఉపకరించును. అది తంత్రము. అమావాస్యనాటి యాగములకు కాలము వేరు గనుక అంగములను మరల చేయుదురు. ఇష్టులన్నిటికి దర్శపూర్ణమాసములు ప్రకృతి గనుక ఈ చట్రము వికృతులన్నిటికి సంక్రమించును.

యాజ్ఞికులు మరియొక విధముగను ఈ పదములను వాడుదురు. ఇష్టిలో ఆజ్యభాగముల వరకు గల భాగమును, స్విష్టకృత్తు మొదలు చివరి వరకు గల భాగమును తంత్రమందురు. ఆ రెంటి నడుమ ప్రధానాహుతులను ప్రవేశపెట్టు చోటు ఆవాపస్థానము. దేవతలు మారవచ్చును, ద్రవ్యము మారవచ్చును, చట్రము మారదు. పూర్వతంత్రము, ఉత్తరతంత్రము అను వ్యవహారము దీని నుండి వచ్చినదే.

ఇపుడు ఆ విద్యార్థి మాటను స్మరింతము. మగ్గముపై పడుగు చాచియున్నది. నాడెతో పేక ఆ పడుగులోనికి అడ్డముగ ప్రవేశించుచున్నది. పేక రంగు మారినపుడు చీర మారును, పడుగు మారదు. ఒక పడుగు అనేకములగు చీరలకు ఉపకరించును. పడుగు తంత్రము, పేక ఆవాపము. మీమాంసకులు పరిభాషగ గ్రహించిన దానిని నేతగాడు కన్నులతో చూచుచున్నాడు. తంత్రశబ్దము మగ్గమును వీడి యజ్ఞశాలకు వచ్చినపుడు తన లక్షణమును వెంటతెచ్చుకొన్నదే గాని విడిచి రాలేదు.

తెలుగింటికి చేరిన తెరవు

శ్రౌతమున పుట్టిన ఈ పరిభాష సామాన్యుని నోటికి ఎట్లు వచ్చినది? నడుమ గృహ్యప్రయోగమున్నది. తెలుగునాట వైదికులలో ఆపస్తంబసూత్రులు అధికసంఖ్యాకులు. ఆపస్తంబగృహ్యోక్తమగు హోమములన్నిటికి ఒకే చట్రము. అగ్నిప్రతిష్ఠ, పరిస్తరణము, పాత్రాసాదనము, ప్రణీతలు, ఆజ్యసంస్కారము, పరిధులు, పరిషేచనము, ఆఘారములు, ఆజ్యభాగములు. ఇంతవరకు ముఖాంతమని మన పురోహితుల వ్యవహారము. పిదప ఆయా కర్మకు చెందిన ప్రధానాహుతులు. తరువాత జయాదులు, స్విష్టకృత్తు, ఉత్తరపరిషేచనము. పెండ్లియైనను, ఉపనయనమైనను, సీమంతమైనను ఆద్యంతములు ఇవియే. నడిమి ఆహుతులు మాత్రమే వేరు.

అనేకసంస్కారములు ఒకేనాడు కలిసివచ్చినపుడు 'తంత్రేణ' అని సంకల్పమున చెప్పుదురు. అన్నదమ్ములకు ఒకేమారు వడుగు చేయునపుడు అంగములను వేరువేరుగ చేయక తంత్రముగ చేయుటను ఇంటివారు కండ్లార చూచెదరు. 'మంత్రతంత్రములు' అను జంటలో మంత్రమనగా పలుకబడునది, తంత్రమనగా చేయబడునది. కర్మాంతమున మంత్రలోప తంత్రలోపములకు క్షమాపణ వేడుట వినని గృహస్థుడు లేడు. ఇట్లు వినికిడిలో నిలిచిన తంత్రశబ్దమే ఇంటిభాషలో తంతు అయినది.

దీనిని తద్భవముగ మార్చినవారు పండితులు కారు, గృహస్థులును గృహిణులును అని నా అభిప్రాయము. ఆపస్తంబుడే గృహ్యసూత్రపు రెండవ ఖండమున, వివాహమునందలి ఆచారక్రమమును స్త్రీల వలన కూడ తెలిసికొనవలెనని శాసించినాడు. అచట ఆయన వాడిన పదము 'ఆవృత్తు'. జీలకర్ర బెల్లము, తలంబ్రాలు, మాంగల్యధారణము వంటివి గృహ్యసూత్రమున ప్రత్యేకముగ చెప్పబడకున్నను శిష్టాచారముచే ప్రాప్తములై ఈ ఆవృత్తులో చేరినవి. ఏది ముందు, ఏది వెనుక, ఏది ఎవరి చేత జరుగవలెను అను క్రమజ్ఞానము మన ఇండ్లలో పెద్దముత్తైదువుల వద్ద భద్రముగ నుండెడిది. ఆ క్రమసమష్టికి వారు పెట్టుకొన్న పేరు తంతు.

ఈ అర్థము నేటి వాడుకలోను చెడలేదు. 'సుముహూర్తము ఎనిమిది గంటలకు, తంతు అంతయు ముగియువరకు పదకొండగును' అందుము. ముహూర్తమున జరుగు ప్రధానకృత్యమును తంతు అనము. దాని ముందు వెనుకల నున్న అంగకలాపమును తంతు అందుము. పోగు అను అర్థము నుండి ఈ భేదము రాదు. అంగసమష్టిని చెప్పు తంత్రశబ్దము నుండియే వచ్చును. రూపము చూపిన దారినే అర్థమును చూపుచున్నది.

అయినచో సప్తతంతు శబ్దము మాట యేమి? దానిని కాదనుట లేదు. అందు తంతుశబ్దము పోగునే చెప్పుచున్నది, ఏడు పోగులు గలది యజ్ఞము. సమాసమంతయు కలిసి యజ్ఞవాచకమగును గాని తంతుశబ్దము ఒంటరిగ కర్మను చెప్పదు. ఒంటరిగ నున్నపుడు పోగును, లక్షణచే సంతానమును చెప్పును. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో స్నాతకునికి చేసిన అనుశాసనమున సంతానమను తంతువును త్రెంపవలదనుట సుప్రసిద్ధము. కావున సప్తతంతు శబ్దము మన తంతునకు దాయాదియే గాని జనకుడు కాదు.

అర్థాపకర్షము

ఇక నిందార్థమును విచారింతము. 'మొక్కుబడి తంతు' అనునపుడు వక్త చెప్పదలచినదేమి? చేయవలసినవన్నియు చేసిరి, అందు సారము లేదు అని. ఈ నిందార్థము శబ్దమునకు ద్రోహము చేయలేదని, పైగా శాస్త్రమునకు సరిగ అనుగుణముగ నున్నదని నాకు తోచుచున్నది. అంగములు ప్రధానము కొరకు. ప్రధానము లేనిచోట అంగములకు ఫలము లేదు. ఇది మీమాంసకుల నిర్ణయము. ఆవాపము లేని తంత్రము పేక లేని పడుగు. మగ్గముపై ఎంతసేపు చాచియుంచినను అది వస్త్రము కాదు. దానిని చూచి లోకులు 'ఉత్త తంతు' అనినచో వారు ఉన్నమాటనే అన్నారు.

కాని దీనికి రెండవ ప్రక్కయు కలదు. నేడు పెండ్లిండ్లలో 'తంతు తగ్గించి అసలుది కానిండు' అను తొందర వినబడుచున్నది. ముఖాంతము ముగియకముందే వేదిక క్రింద భోజనముల పిలుపులు వచ్చును. పురోహితుడును బ్రతుకవలసినవాడే గనుక పూర్వతంత్రమును సగము మ్రింగి ప్రధానమునకు వచ్చును. ఇది పడుగు వేయకయే పేక నేయుమనుట. నేతపనివారిని అడిగినచో అది కాని పని అని వారు చెప్పుదురు. మనము మాత్రము అది తెలియక కోరుచున్నాము. తంతు అనగా విడిపోగు అని నేర్పినచో ఒక పోగు పోయిననేమి అని వినువానికి తోచును. తంతు అనగా పడుగు అని నేర్పినచో అది లేనిదే నేత లేదని తెలియును. వ్యుత్పత్తి విషయమున నేను చేసిన పొరపాటు కేవలము అక్షరముల పొరపాటు కాదనుట ఇందువలననే.

దీనిలో దోషము గృహస్థులది మాత్రమే కాదు. ప్రాచ్యకళాశాలలలో మీమాంసను చదువువారు ప్రయోగమును చూడరు. ప్రయోగమును నేర్చువారు మీమాంసను చదువరు. తంత్రావాపవిచారమును పరీక్షకొరకు వ్రాయు విద్యార్థికి తన ఇంటి పెండ్లిలో అదే జరుగుచున్నదని చెప్పువారు లేరు. ముఖాంతము చేయించు బ్రహ్మచారికి తాను చేయించునది శబరభాష్యోక్తమగు తంత్రమని చెప్పువారు లేరు. పాఠశాలలో మా గురువులు ఉదయము ప్రయోగమును, సాయంకాలము భాష్యమును చెప్పెడివారు. రెంటిని కలుపుట మా పనిగ విడిచినారు. నేను దానిని ఆలస్యముగ కలిపితిని.

ఉపసంహారము

పై విచారము వలన తేలినది ఇది. కర్మకలాపవాచకమగు తెలుగు 'తంతు' శబ్దము ఉకారాంత సంస్కృత తంతుశబ్దమునకు తత్సమము కాదు. అదియైనచో 'తంతువు' కావలెను. ఇది తంత్రశబ్దము నుండి ప్రాకృత 'తంత' రూపము ద్వారా, అంతము – అంతు అను మార్గమున వచ్చిన తద్భవము. దీని అర్థము శ్రౌతగృహ్యములయందు ప్రసిద్ధమగు తంత్రార్థమే, అనగా ప్రధానకర్మకు ముందు వెనుకల నుండి దానిని నిలుపు అంగసమష్టి. తంతు, తంత్ర శబ్దములు రెండును తనుధాతుజములు, రెండును మగ్గము నుండి వచ్చినవి గనుక పూర్వపక్షము పూర్తిగ నిర్మూలము కాదు. కాని పోగు వేరు, పడుగు వేరు.

నావద్ద ఈ పాఠమును పూర్వరీతిగ వ్రాసికొన్నవారు దీనిని చూచి దిద్దుకొందురు గాక. పాత పడుగు కొస అచ్చులో మిగిలియుండగనే క్రొత్త పడుగును దానికి పోగు పోగుగ అతుకుదురని ఆ విద్యార్థియే తరువాత ఒకనాడు నాకు చెప్పినాడు. పాతదానిని పూర్తిగ తీసివేసినచో పోగులన్నిటిని మరల అచ్చులోనికి ఎక్కించుకొనవలసివచ్చునట. అధ్యాపకుల పనియు అట్టిదే యని తలచి ఈ సవరణను పాత పాఠము కొసకు అతుకుచున్నాను.